మూగగంట

టపాకాయ మంచిదో తుస్సుదో తెలుసుకోవడానికి లోకంలో ఒక్కటే మార్గం. వత్తికి నిప్పంటించి, చెవులు మూసుకుని, దూరంగా నిలబడడం. పేలిందా, మంచిదన్నమాట. పేలలేదా, తుస్సన్నమాట. ఇంతవరకూ చిక్కు లేదు. చిక్కల్లా ఏమిటంటే, మంచిదని రుజువైన మరుక్షణాన అది మనకు దక్కదు. ఇంత పొగా, నాలుగు కాగితం ముక్కలూ మిగులుతాయి. చేతిలో భద్రంగా మిగిలేది ఆ తుస్సుదే!

అన్నం ఉడికిందో లేదో చూడడానికి ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలంటారు పెద్దలు. నిజమే, కుండలో మెతుకులన్నీ ఒకే మంటమీద ఉడికినవి కనుక. టపాకాయల కుటుంబంలో అటువంటి సఖ్యత లేదు. ఒకటి పేలినంత మాత్రాన పక్కది పేలుతుందన్న హామీ లేదు. అగ్గిపుల్లా అంతే, పుచ్చకాయా అంతే. ఫొటో ఫిల్ము సంగతి మరీ అన్యాయం. వెలుగు తగలకుండా బాగానే ఉందా అని మూత తీసి చూస్తే, ఆ చూడడంతోనే అది చెడిపోతుంది. ఆఖరికి ఒంట్లో గడ్డ మంచిదో కాదో చెప్పమంటే డాక్టరు కూడా ముందు చిన్న ముక్క తీసి చూడాలంటాడు. తెలుసుకోవడమనేది ఊరికే రాదు, దానికి ఏదో ఒక ఖరీదు కట్టవలసిందే. డెబ్భై అయిదేళ్ళుగా నేను నమ్ముకున్న సూత్రం ఇది.

ఈ సూత్రానికి గండి కొట్టినవారు ఇద్దరున్నారని నాకు ఈ మధ్యనే తెలిసింది. 1993లో ఇజ్రాయెల్ దేశంలోని టెల్ అవీవ్‌లో అవ్‌షలోమ్ ఎలిట్సూర్, లెవ్ వైద్‌మన్ అనే శాస్త్రజ్ఞులు ఒక వ్యాసం ప్రకటించారు. వారు తీసుకున్నది టపాకాయ కాదు, ఏకంగా బాంబే. ఒక్క వెలుగు రవ్వ తగిలితే చాలు పేలిపోయే బాంబు. అటువంటివి గుట్టగా పోసి ఉన్నాయనుకోండి. కొన్ని మంచివి, కొన్ని ఉత్తవి. పేల్చకుండా, ఒక్క రవ్వ కూడా తగలనివ్వకుండా, ఇదిగో ఇది మంచిది అని కొన్నింటినైనా ఏరగలమా? ఏరగలం అన్నారు వాళ్ళు. అదిన్నీ వెలుగు సాయంతోనే!

సంక్రాంతి సెలవలకి వచ్చిన మా మనవరాలు చెప్పిన కబురిది. మా అమ్మాయి కూతురు. భౌతికశాస్త్రంలో ఎమ్మెస్సీ చదువుతోంది. నేను పోస్టాఫీసులో నలభై ఏళ్ళు గుమాస్తాగిరీ చేసి బయటపడ్డవాణ్ణి. నాకు తెలిసిన శాస్త్రం స్టాంపుల మీద ముద్రలు సరిగ్గా పడడం వరకే. అయినా విన్న వెంటనే, ఓస్ ఇంతేనా అనిపించింది.

“ఇందులో కొత్తేముందే? ఏమీ రాకపోవడం కూడా ఒక కబురే. ఆ సంగతి మా పోస్టాఫీసు వాళ్ళకి తెలిసినట్టు ఇంకెవరికి తెలుసు?” అన్నాను.

నిజానికి నేను ఉద్యోగంలో చేరిన మరుసటి సంవత్సరమే, 1971 డిసెంబరులో, పాకిస్తాన్‌తో యుద్ధం వచ్చింది. మూడో తారీకున మొదలై పదహారో తారీకున ముగిసింది. మా ఊరి తల్లి ఒకావిడ కొడుకు సరిహద్దులో ఉండేవాడు. ఆవిడ ప్రతిరోజూ తంతి గది కిటికీ దగ్గరకు వచ్చి, “బాబూ, ఏమన్నా ఉందా?” అని అడిగేది. “ఏమీ లేదమ్మా” అనేవాణ్ణి. ఆ మాట కోసమే ఆవిడ మైలున్నర నడిచి వచ్చేది. లోకంలో ఉత్తరాల కోసం వచ్చేవాళ్ళు లేదంటే మొహం చిన్నబుచ్చుకుంటారు. ఆవిడ మాత్రం లేదంటే కొంగుతో కళ్ళు ఒత్తుకుని, దణ్ణం పెట్టి వెళ్ళిపోయేది. పధ్నాలుగు రోజులు అలా జరిగింది. రాని టెలిగ్రామే ఆవిడకు టెలిగ్రాము. దేశంలో తంతి సేవ 2013 జులైలో మూతపడిందని చదివినప్పుడు నాకు జ్ఞాపకం వచ్చింది మేము అందించిన తంతులు కావు, ఆవిడకు ఏనాడూ అందించనక్కర్లేకపోయిన ఆ ఒక్కటి.

మనవరాలు ఓపిగ్గా వింది. “అది సగం నిజం, తాతయ్యా. రెండు డబ్బాలున్నాయి, ఒకదాంట్లో లడ్డూ ఉందని నీకు ముందే తెలుసు. ఒకటి తెరిస్తే ఖాళీ. రెండోదాన్ని ముట్టుకోకుండానే లడ్డూ అందులో ఉందని చెప్పేస్తావు. అటువంటిదే ఇదీ. జర్మనీలో రెన్నింగర్ 1960లోనూ, అమెరికాలో డికీ 1981లోనూ ఈ రాకపోవడాన్ని గురించే వ్రాశారు. కాని అక్కడ లడ్డూ ఉందని ముందుగా ఎవరో చెప్పాలి. నీకూ అంతే. కొడుకు సైన్యంలో ఉన్నాడనీ, ఏదైనా అయితే తంతి వస్తుందనీ ముందే తెలుసు. ఎలిట్సూర్, వైద్‌మన్‌ల లెక్కలో అసలు బాంబు ఉందో లేదో కూడా ముందుగా తెలియనక్కర్లేదు” అంది.

అని, మా ఆవిడ ముగ్గుబుట్ట పట్టుకొచ్చి వాకిట్లో బొమ్మ వేయడం మొదలుపెట్టింది. నలుచదరంగా నాలుగు గీతలు. మా ఆవిడ గడపలోంచి తొంగిచూసి, “పండగపూట ఈ ముగ్గేమిటే తల్లీ! తామరపువ్వు లేదు, రథం లేదు, ముట్టు పెట్టెలా ఉంది” అని విసుక్కుంది.

ఆ పెట్టె సంగతి నాకు అర్థమైనంతవరకు చెబుతాను. కాస్త నిదానంగా చదవండి. నేను మూడుసార్లు చెప్పించుకున్నాను.

పెట్టెకు నాలుగు మూలలా నాలుగు అద్దాలు. ఎదురుబొదురుగా ఉన్న రెండు మూలల్లో మామూలు అద్దాలు. వెలుగు ప్రవేశించే మూలా, బయటికి వచ్చే మూలా మాత్రం సగం అద్దాలు. అంటే సగం వెలుగును పోనిచ్చి, సగాన్ని వెనక్కి తిప్పేవి. చీకటి పడే వేళ రైలు కిటికీలోంచి చూస్తే బయటి పొలాలూ కనిపిస్తాయి, మన మొహమూ కనిపిస్తుంది చూడండి, అటువంటివి. లోపలికి వచ్చిన వెలుగు మొదటి సగం అద్దం దగ్గర రెండు దారులుగా చీలుతుంది. ఆ రెండూ చెరో వీధిన చుట్టి వచ్చి రెండో సగం అద్దం దగ్గర కలుసుకుంటాయి. అక్కడినుంచి బయటికి రెండు గుమ్మాలు. గుమ్మానికొక గంట. వెలుగు ఏ గుమ్మంలోంచి వస్తే ఆ గంట మోగుతుంది. జెండర్, మాఖ్ అనే వాళ్ళు 1891, 92 ప్రాంతాల్లో కల్పించిన అమరిక ఇది. కొత్తదేమీ కాదు.

చెరువులో రెండు రాళ్ళు వేస్తే రెండు అలలు వస్తాయి. ఒకదాని మిట్టా మరొకదాని పల్లమూ కలిసిన చోట నీరు కదలకుండా ఉండిపోతుంది. వెలుగూ అంతే. వెలుగుకు వెలుగు తోడై చీకటి కావడం కద్దు. పెట్టె దారుల పొడవును జాగ్రత్తగా సరిచేస్తే, ఒక గుమ్మం దగ్గర రెండు వెలుగులూ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. అప్పుడు మొత్తం వెలుగు రెండో గుమ్మంలోంచే వస్తుంది. కనుక ఒక గంట ఎప్పుడూ మోగుతుంది. రెండోది ఎన్నడూ మోగదు. మా మనవరాలు ఒకదానికి వాగుడుగంట అనీ, రెండోదానికి మూగగంట అనీ పేర్లు పెట్టింది.

అసలు విచిత్రం ఇక్కడే ఉంది. వెలుగు రవ్వలు రవ్వలుగా ఉంటుందని ఐన్‌స్టయిన్ 1905లోనే అన్నాడు. వాటిని ఒక్కొక్కటిగా పెట్టెలోకి వదిలినా సరే, మూగగంట మూగగానే ఉంటుంది. లోపల ఉన్నది ఒక్కటే రవ్వ. మరి కొట్టేసుకోవడానికి రెండోది ఏది?

“ఒక్క రవ్వ రెండు వీధులా ఎలా వెళ్ళిందే?” అన్నాను.

“వెళ్ళింది అనే మాటే అక్కడ అతకదు, తాతయ్యా. రెండు వీధులూ తెరిచే ఉన్నాయన్న సంగతి లెక్కలోకి వస్తుంది. అంతవరకే చెప్పగలం.”

ఇప్పుడు ఒక వీధిలో టపాకాయ పెట్టండి. తుస్సుదైతే అది వెలుగును గాజులా పోనిస్తుంది. వీధులు రెండూ తెరిచి ఉన్నట్టే లెక్క. ఎన్ని రవ్వలు వదిలినా వాగుడుగంటే మోగుతుంది. మంచిదైతేనో? ఒక్క రవ్వను వదలండి. నూటికి యాభై పాళ్ళు అది టపాకాయ ఉన్న వీధికి పోయి, ఢామ్మంటుంది. మిగిలిన యాభై పాళ్ళూ రెండో వీధిన వస్తుంది. ఒంటరిగా వచ్చిన ఆ రవ్వను కొట్టేయడానికి అవతలి వీధినుంచి ఎవరూ రారు. కనుక అందులో సగంసార్లు వాగుడుగంటా, సగంసార్లు, ఇదిగో, మూగగంటా మోగుతాయి!

మూగగంట మోగిందంటే అర్థమేమిటి? ఏదో ఒక వీధికి అడ్డం పడింది. టపాకాయ మంచిదే. అది పేలలేదు. రవ్వ ఆ వీధికి పోలేదు, పోయి ఉంటే పేలేది కదా. ఎవరూ వెళ్ళని ఇంటినుంచి కబురు వచ్చింది!

నూరు మంచి టపాకాయలకు యాభై పేలిపోతాయి. ఇరవై అయిదు తేలవు. ఇరవై అయిదు చెక్కుచెదరకుండా చేతికి వస్తాయి. తేలనివాటిని మళ్ళీ మళ్ళీ పరీక్షిస్తే చివరికి సుమారు ముప్పై మూడు దక్కుతాయి.

“దక్కేవి ముప్పై మూడు, పేలేవి అరవై ఏడా? ఇదేం పరీక్షే! దానికంటే నన్నడిగితే పోయేది. పేలని టపాకాయ ఎలా ఉంటుందో నాకు చూడగానే తెలుస్తుంది. యాభై ఏళ్ళబట్టి ఒకటి ఇంట్లోనే ఉంది” అంది మా ఆవిడ, నావంక చూడకుండా.

ఆ నష్టాన్ని తగ్గించే ఉపాయం కూడా దొరికింది లెండి. 1995లో ఆస్ట్రియాలోని ఇన్స్‌బ్రుక్‌లో పాల్ క్వియట్, ఆంటన్ జైలింగర్, వారి సహచరులూ ఈ సంగతిని ప్రయోగం చేసి చూపించారు. బాంబుల జోలికి పోలేదు. వీధికి అడ్డంగా చిన్న అద్దం పెట్టి, దానికి తగిలిన రవ్వలను లెక్కకట్టారు. కాగితం మీద చెప్పినట్టే జరిగింది. దాంతోబాటు మరో దారి కూడా చెప్పారు. రవ్వను ఒక్కసారే సగానికి సగం అపాయంలోకి నెట్టకుండా, కొంచెం కొంచెంగా, చాలా దఫాలుగా పంపాలి. టపాకాయ లేకపోతే ఆ కొంచెం కొంచెమూ పేరుకుని రవ్వ చివరికి పూర్తిగా అవతలి వీధికి చేరుతుంది. టపాకాయ ఉంటే ప్రతి దఫా ఆ కొంచెం అక్కడే తుడిచిపెట్టుకుపోయి, రవ్వ మళ్ళీ మొదటికి వస్తుంది. విత్తిన చిక్కుడు గింజను రోజూ తవ్వి చూసే పిల్లవాడి చేతిలో ఆ గింజ మొలకెత్తదు చూడండి, అలాగన్నమాట. గమనిస్తూ ఉంటే మార్పు ఆగిపోతుందనే ఈ గుణాన్ని 1977లో లెక్కకట్టి, దానికి జీనో అనే గ్రీకు తాత్వికుడి పేరు తగిలించినవారు బైద్యనాథ్ మిశ్రా, మన కేరళలో పుట్టిన ఇ.సి.జి. సుదర్శన్. నూరు దఫాలు తిప్పితే, లెక్క ప్రకారం, నూటికి తొంభై ఏడు పైగా మంచివి పేలకుండా దక్కాలి. 1999లో క్వియట్ బృందం ప్రయోగంలో నూటికి 73 దాకా సాధించింది.

దఫాలు ఎంత పెంచితే అపాయం అంత తగ్గుతుంది. కాని ఒక్క మాట. అది పూర్తిగా సున్నా కాదు. ఇంకో మాట కూడా ఉంది. పేలే గుణం ఉన్నదాన్ని మాత్రమే ఈ పద్ధతిలో ఇలా కనిపెట్టగలం. పేలితే పేలేదే అన్న అవకాశం అక్కడ ఉండబట్టే మూగగంట మోగింది. జరగకపోయినా, జరిగే వీలున్నది కూడా లోకంలో ఒక గుర్తు వదులుతుందన్నమాట. ఈ మాట వినగానే మా అక్కయ్య గుర్తుకొచ్చింది.

1962లో నాకు పన్నెండేళ్ళు. అక్కయ్యకు అంతకు ముందు ఏడాదే పెళ్ళయింది. అత్తవారి ఊరు మాకు రెండు బస్సుల దూరం. పదిహేను రోజులకొకసారి కార్డు ముక్క వచ్చేది. “నాన్నగారికి నమస్కరించి వ్రాయునది, ఇక్కడ మేమందరమూ క్షేమం, అక్కడ మీ అందరి క్షేమమునకు వ్రాయించగలరు.” అంతే. కామా కూడా తేడా ఉండేది కాదు. ఆ ఇంట్లో కోడలు వ్రాసిన కార్డును ఇద్దరు ముగ్గురు చదివితేనేగాని అది తపాలా పెట్టెదాకా పోయేది కాదు. మనం వ్రాసే కార్డూ అంతే, ఆమె చేతికి వెళ్ళేలోగా నలుగురి కళ్ళూ దాని మీద పడేవి. “అమ్మా, నువ్వు నిజంగా బాగున్నావా?” అని ఒక్క ముక్క వ్రాస్తే చాలు, ఆ ఇల్లు టపాకాయలా పేలి ఉండేది. పేలిన మంటలో కాలేది అక్కయ్యే. అందుకని అమ్మ ఎన్నడూ అడగలేదు.

ఒకసారి కార్డు చివర కొత్త ముక్క కనిపించింది. “పెరట్లో నందివర్ధనం పూస్తున్నదా?” నాన్నగారు పైకి చదివి, మడిచి చూరులో దోపారు. అమ్మ మాత్రం చేస్తున్న పని ఆపి, మళ్ళీ చదవమంది. “అది పుట్టి బుద్ధెరిగి చెట్ల సంగతి అడగలేదండీ” అంది. ఆ రాత్రే ఆవకాయ జాడీకి వాసెన కట్టించింది. తెల్లవారి మొదటి బస్సుకు నాన్నగారిని ప్రయాణం చేయించింది. కూతురింటికి ఆవకాయ తీసుకుపోయే తండ్రిని ఎందుకొచ్చావని ఎవరడుగుతారు?

నాన్నగారు వెళ్ళేసరికి అక్కయ్య వెనకవసారాలో చాపమీద ఉంది. మూడు వారాలుగా జ్వరం. విడుస్తూ వస్తూ ఉంది. అయిదో నెల. మర్నాటికి ఇంటికి తీసుకువచ్చారు. “మరో వారం ఆగి ఉంటే నేను చేసేదేమీ ఉండేది కాదు” అన్నాడు డాక్టరు. అప్పుడు దక్కిన పిల్లవాడికి ఇప్పుడు అరవై దాటాయి. అక్కయ్య ఎనభై దాటి, ఈనాటికీ నందివర్ధనం చెట్టు కనిపిస్తే ఆగి నిలబడుతుంది.

మనవరాలికి ఈ కథ చెప్పి, “ఇదేగా మీ మూగగంట?” అన్నాను.

“చాలా దగ్గరగా వచ్చావు తాతయ్యా. కాని ఆ ముక్క పెద్దమ్మమ్మ కావాలని వ్రాసింది. వెలుగులో వ్రాసేవాళ్ళెవరూ లేరు. టపాకాయ ఏ కబురూ పంపదు” అంది.

ఒప్పుకున్నాను. పోలికను దాని హద్దులోనే ఉంచాలి. అయినా అమ్మ చేసినదాంట్లో ఒక సంగతి మాత్రం ఆ లెక్కకు సరిపోయింది. ఎప్పుడూ మోగే గంటను ఆమె పట్టించుకోలేదు. అది అన్నీ బాగున్నా మోగుతుంది, బాగులేకపోయినా మోగుతుంది. ఎన్నడూ మోగనిది మోగడమే ఆమెకు కబురు. పోతే, ఖరీదంటారా? పూర్తిగా తప్పలేదు. ఒక ఆవకాయ జాడీ.

ఇదంతా కాలక్షేపం కబురేనా, ఎవరికైనా పనికొస్తుందా అని కూడా అడిగాను. కణజాలం వంటి సున్నితమైన వాటిని ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినిలో చూస్తే ఆ చూపుకే అవి దెబ్బతింటాయట. దెబ్బ తగ్గించడానికి ఈ ఉపాయాన్ని అక్కడికి తీసుకుపోదామని ఆలోచిస్తున్నారట. 2014లో వియన్నాలో గాబ్రియేలా బరేటో లెమోస్, జైలింగర్ ప్రభృతులు దీనికి చుట్టమైన మరో వింత చేశారు. జంట రవ్వలు పుట్టించి, ఒకదాన్ని పిల్లిబొమ్మ కత్తిరించిన అట్టలోంచి పంపి, దాన్ని చూడకుండానే వదిలేశారు. బొమ్మవైపు పోనే పోని రెండో రవ్వలతో ఫొటో తీస్తే పిల్లి పడింది! ఇక్కడ బొమ్మకు వెలుగు తగలకపోలేదు, తగిలిన వెలుగును ఎవరూ చూడలేదు, అదీ తేడా. కంటికి కనిపించని కిరణాలను పంపి, మామూలు కెమెరాకు తెలిసే కిరణాలతో చిత్రం తీయవచ్చునన్నమాట. ఆ జైలింగరుకే, పెనవేసుకున్న రవ్వల మీద చేసిన ప్రయోగాలకుగాను, మరిద్దరితో కలిపి 2022లో నోబెల్ బహుమతి వచ్చింది.

సెలవలు అయిపోయాయి. మనవరాలు వెళ్ళిపోయింది. ముగ్గు కూడా చెరిగిపోయింది.

మా అబ్బాయి అమెరికాలో ఉంటాడు. ప్రతి ఆదివారం ఫోను చేస్తాడు. “ఎలా ఉన్నావురా?” అంటాను. “బాగున్నాను నాన్నా, మీరెలా ఉన్నారు?” అంటాడు. ఏళ్ళ తరబడి ఇదే వరస. కిందటి ఆదివారం మామూలుగా మాట్లాడి, పెట్టేయబోతూ, “అమ్మా, నాకు జ్వరమొస్తే నువ్వు పెట్టే ఆ మిరియాల చారు ఎలా కాస్తావు?” అని అడిగాడు. వాడు నలభై ఎనిమిదేళ్ళవాడు. వంట సంగతి ఏనాడూ అడిగి ఎరగడు.

మా ఆవిడ ఏమీ అడగలేదు. మిరియాలెన్ని, జీలకర్రెంత, చింతపండు ఏపాటి, పోపు ఎప్పుడు, అన్నీ తాపీగా, మామూలుకంటే రెండింతలు ఆలస్యంగా చెప్పింది. ఫోను పెట్టేశాక వంటింట్లోకి పోయి మిరియాల డబ్బా దింపింది.

ఇప్పుడు రోట్లో చారుపొడి దంచుతోంది. నన్ను గుడ్డసంచీ, సూదీ, దారమూ సిద్ధం చేయమంది. పార్శిలు కుట్టడం నలభై ఏళ్ళుగా చేతికి అలవాటైన పనేగా!